గోడ వైపు తిరిగి

హిసాయో కుడి చెయ్యి భుజం దాటి లేవక మూడు నెలలయింది.

నీటి తొట్టిలోంచి సోయా పాల జున్ను, టోఫూ తీయబోతే చేతిలోనే చితికిపోతోంది. ఆస్పత్రి ఇంజెక్షన్లూ పనిచేయలేదు. ఇలాగే ఉంటే అత్తగారి నాటి టోఫూ కొట్టు మూసుకోవాల్సిందే.

చివరికి సందు చివరి సూదుల వైద్యశాలకు వెళ్లింది.

గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపలి నుంచి ఒక ముసలాయన పలకరించాడు.

"టోఫూ కొట్టు అమ్మగారా? రండి. సోయా వాసన మీకంటే ముందే వచ్చింది."

నల్ల కళ్లద్దాలు. పక్కన తెల్ల కర్ర. కాళ్లకు లోపల తొడుక్కునే చెప్పులు.

హిసాయో ముఖం ముడుచుకుంది. కుర్ర వైద్యుడు కిరిషిమాతో గొంతు తగ్గించకుండానే అంది.

"ఆయన చేత వద్దు బాబూ. టోఫూ కోయడానికే కళ్లు కావాలి, ఒంట్లో సూది గుచ్చడానికి అక్కర్లేదా?"

"అదీ నిజమే" అని నవ్వాడు ముసలాయన.

కిరిషిమా ముసలాయన వైపు చూసి, మంచం చూపించాడు. "గోడ వైపు తిరిగి పడుకోండమ్మా."

చేతులు భుజమంతా తడుముతూ కాసేపు తచ్చాడాయి. తర్వాత ఒక గరుకు బొటనవేలు వచ్చి, సరిగ్గా నొప్పి గూడుకట్టిన చోట ఆగింది. సూదిని నడిపే సన్నని గొట్టం ఆనింది. టక్ టక్. సూది దిగినట్టే తెలియలేదు. లోపల వెచ్చగా ఏదో కదిలింది.

"ఈ వయసుకే ఎంత పనిమంతుడివయ్యా" అంది గోడతో.

బదులుగా మరోసారి టక్ టక్.

ఆపైన వెళ్లినప్పుడల్లా ముసలాయన పలకరించేవాడు. ఆమె విననట్టే దాటిపోయేది. పైగా వీధిలో అందరికీ చెప్పింది, కుర్రాడి దగ్గరికే వెళ్లండి, ఆ గుడ్డాయన చేతిలో పడకండి అని.

తొమ్మిదోసారికి చెయ్యి తల మీదికి లేచింది.

నెల తర్వాత తాజా టోఫూ గిన్నెతో వెళ్లింది. ముసలాయన కుర్చీ ఖాళీగా ఉంది.

"ఒకినో మాస్టారు పోయిన వారం కాలం చేశారమ్మా" అన్నాడు కిరిషిమా.

"అయ్యో" అంది మర్యాదకు. గిన్నె పక్కన పెట్టి అతని కుడిచెయ్యి పట్టుకుంది. "ఈ చెయ్యే లేకపోతే నా కొట్టు ఉండేది కాదు బాబూ."

బొటనవేలు మెత్తగా తగిలింది.

ఇంకోసారి తడిమి చూసింది. మెత్తగానే ఉంది.

కిరిషిమా తల దించుకున్నాడు.

"నాకు ఆ చోటు దొరకలేదమ్మా. మొదటిరోజే మాస్టారు నన్ను పక్కకి జరిపారు. మీకు చెప్పొద్దన్నారు."

తను విననట్టు దాటిపోయిన పలకరింపులన్నీ ఇప్పుడు వినిపించాయి. హిసాయో సిగ్గుతో చచ్చిపోయింది.

"నాకు తెలియనే లేదే. ఒక్కసారన్నా అడుగుల చప్పుడైనా..."

"మీకు వినపడకూడదని, తొమ్మిదిసార్లూ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని వచ్చారమ్మా."