నాలుగు బోల్టులు

ఇనుప మూతకు పన్నెండు బెజ్జాలు. వాటిలో బోల్టులు నాలుగే ఉన్నాయి.

సచిన్ పారిశ్రామికవాడలో కాలిపోయిన షెడ్డు ముందు నిలబడి, ఆఫీసరు ఆ మూతను మళ్లీ మళ్లీ చూస్తున్నాడు.

అది ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెది. లోపల స్విచ్చు దగ్గర నిప్పురవ్వ లేచినా మంట బయటికి రాదు. అన్ని బోల్టులూ బిగిస్తేనే.

అంబదాస్ ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డుకు వైర్‌మన్. లాక్‌డౌన్ దాకా అందులో మగ్గాలు నడిచేవి. మగ్గాలున్నచోట స్విచ్చు పెట్టెల నిండా దూది పేరుకుంటుంది. రోజుకు పదిసార్లు మూత తీసి ఊదాలి. అన్ని బోల్టులూ బిగించేంత తీరిక ఎవడికుంటుంది?

మగ్గాలు ఆగాక సేఠ్ అక్కడే శానిటైజర్ నింపించడం మొదలుపెట్టాడు. డ్రమ్ముల కొద్దీ స్పిరిట్ దిగింది. ఈ పెట్టె తెచ్చి బిగించమన్నాడు.

అంబదాస్ ఎప్పటిలాగే నాలుగు బిగించి నిచ్చెన దిగాడు.

నిచ్చెన పట్టుకున్న ముత్యం పైకి చూశాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఇక్కడ పర్వత్ పాటియా బస్తీలో పక్కపక్క గదులు.

"కడమయి బిగియ్యవా అన్నా?"

"నాకే నేర్పుతున్నవా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడో రోజు మంట లేచింది. అంబదాస్ చాయ్‌కని బయటికి వచ్చి ఉన్నాడు. ముత్యం డ్రమ్ముల దగ్గర ఉన్నాడు.

"ఎవరు బిగించారిది?" ఆఫీసరు హిందీలో అడిగాడు.

సేఠ్ అంబదాస్ వైపు చూశాడు.

అంబదాస్ మాస్కు సర్దుకున్నాడు. పన్నెండూ తానే బిగించాననీ, తర్వాత ముత్యం విప్పాడనీ చెప్పాడు.

అంత అబద్ధం తడబడకుండా వచ్చినందుకు తన నోరంటే తనకే అసహ్యమేసింది. ఆఫీసరు మాత్రం రాసుకున్నాడు.

సాయంత్రం శ్మశానంలోకి నలుగురినే రానిచ్చారు. ముత్యం భార్య నర్సవ్వ నేరుగా అంబదాస్ దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"బండ్లన్నీ బంద్. కొడుకు ఊర్లెనే చిక్కుకపాయె. మరుదులు సుత రాలేరట."

అంబదాస్ తల ఎత్తలేదు.

"ఆయనకు నీ మాటంటే మాటే అన్నా. అగ్గి నువ్వే పెట్టు."

కట్టెలు పేర్చినవాడు ఇటే చూస్తున్నాడు.

అంబదాస్ చెప్పులు విప్పాడు.