వాలుగలు దొరికే చోటు

"వంతెనకేం ఢోకా లేదు, బండి తోలుకో," అన్నాడు ఓవర్సీరు, వెదురుగడ పైకి లాగుతూ. వరద తీశాక ప్రతి స్తంభం పక్కనా గడ దింపి చూశాడు. అన్నిచోట్లా నేల గట్టిగానే తగిలింది.

పరదేశి బెల్లం బండెక్కి ఎడ్లను అదిలించాడు. చేపల బుట్టతో ఏట్లోంచి గట్టెక్కిన అతని భార్య నూకరత్నం బండికి అడ్డంగా నిలబడింది.

"దిగు మావా. బండి ఎల్లదు."

"ఎందుకే?"

"సెప్పను."

"చెప్పకపోతే ఎలా అమ్మా? చోడవరం బళ్ళన్నీ అనకాపల్లి బజారుకి ఈ దారినే పోవాలి," అన్నాడు ఓవర్సీరు.

నూకరత్నం మొగుడికేసి చూసింది. బుట్టలోని వాలుగలకేసి చూసింది.

"మూడో స్తంభం కింద బొరియ ఉంది బాబూ. పైనుంచి గడ దింపితే ఇసకే తగుల్తాది. వరదకి ముందు మోచేతి లోతే ఉండీది, ఇప్పుడు నేను మునిగి, బుజం దాకా సెయ్యెట్టినా లోపలి గోడ అందదు. ఈ వాలుగలన్నీ అందులోయే."

ఓవర్సీరు గడ కింద పడేశాడు. నెల్లాళ్ళుగా ఆ వాలుగల పులుసే మెచ్చుకుని తింటున్నాడు.

పరదేశి బండి దిగాడు. "రెండేళ్ళనుంచి అడుగుతన్నాను. ఎక్కడ పడతన్నావే అంటే, ఏట్లో అనీదానివి."

"నీకు సెప్తే మీ అన్నకి సెప్తావు. మీ అన్న ఊరందరికీ సెప్తాడు."

"బళ్ళు ఆపించండి. ఇంజనీరుగారికి ఇప్పుడే రాస్తాను. రాళ్ళూ సిమెంటూ వేసి పూడ్చాలి," అన్నాడు ఓవర్సీరు.

నూకరత్నం గొంతు తగ్గించింది.

"రాళ్ళు రాడానికి ఎన్నాళ్ళవుతాది బాబూ?"

"పదిహేను రోజులు."

"అయితే ఇప్పుడు వంతెన బాగోలేదని మట్టుకు రాయండి. ఎన్నో స్తంభమో రాళ్ళొచ్చేక రాసుకుందురు."