పేపర్లో పద్నాలుగో నంబరు

"ఆ పద్నాలుగో నంబరు జెర్సీ ఇలా ఇవ్వు. ఓరన్‌కి నేనే ఇచ్చేస్తాను," అన్నాడు డిన్నీ.

కహల్ ఇవ్వలేదు. జెర్సీని చంకలో ఇంకాస్త బిగించాడు.

"ఇంకో అరగంటలో ఫైనల్. ఇప్పుడేం పేచీరా?"

"ఇది మలకీకి ఇస్తాను చిన్నాన్నా."

కహల్ డిన్నీకి సొంత అన్న కొడుకు. నిరుడు దాకా ఆరో నంబరు వేసుకుని డ్రంకీల్ జట్టును ఒంటిచేత్తో కాపాడినవాడు. మోకాలు పోయాక, ఈ ఏడే మేనేజర్ అయ్యాడు. లీట్రిమ్ కౌంటీ గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ రోజునే వాడికి మతి పోయిందని డిన్నీ అనుకున్నాడు.

"శుక్రవారం పేపరుకిచ్చింది ఉత్తుత్తి జట్టు," గొంతు తగ్గించి అన్నాడు. "ఆ ఉపాయం నీదే. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. పేపరుకు ఒక జాబితా, మైదానానికి ఇంకో జాబితా ఇవ్వడం అక్కడ అందరికీ అలవాటే. అందరూ చేస్తారు, అయినా ప్రతిసారీ ఎవరో ఒకరు మోసపోతారు. గోలు ముందు నిలబడే పద్నాలుగో చోట కహల్ తన స్నేహితుడు మలకీ పేరు వేయించాడు. మలకీ భారీ మనిషి, నెమ్మది మనిషి. అతణ్ణి ఆపడానికి ఎదుటి జట్టు కారోమీన్ వాళ్ళు తమలో అందరికన్నా పొడుగువాణ్ణి నిలబెడతారు. తీరా రిఫరీ బంతి ఎగరేసే వేళకు, ఎవరికీ అందకుండా పరిగెత్తే ఓరన్ దిగుతాడు. ఉపాయం బాగానే ఉంది. మలకీకి ముందుగా చెప్పకపోవడమే కహల్ చేసిన తప్పు. ఒకరికి చెబితే ఊరందరికీ చెప్పినట్టేనని భయపడ్డాడు.

ఇందాక గేటు దగ్గర మలకీ తండ్రి ప్యాకీ కనిపించాడు. ఎనభై నాలుగేళ్ళ పెద్దాయన చక్రాల కుర్చీలో కూర్చుని, పేపరు ముక్క పట్టుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. కారోమీన్ వాళ్ళను కూడా వదల్లేదు. "మా వాడే పద్నాలుగు. పదహారేళ్ళకు వచ్చింది వాడి రోజు," అంటున్నాడు. కహల్‌ను చూడగానే అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. అక్కణ్ణించి కహల్ తిన్నగా వెళ్ళి పద్నాలుగో జెర్సీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పదహారేళ్ళు బెంచీ మీద కూర్చున్నాడు," అన్నాడు కహల్. "ఒక్క ఫైనల్లోనూ మొదటి పదిహేను మందిలో లేడు."

"జాలి పడితే కప్పు రాదబ్బాయ్."

"తెలుసు."

"ఓడిపోతే ఊళ్ళో మొహం ఎలా చూపిస్తావు?"

"వాణ్ణి తీసేస్తే ఆ పెద్దాయనకు ఎలా చూపించను?"

డిన్నీ తల పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

డ్రెస్సింగ్ రూమ్‌లో మలకీ చివరి బల్ల మీద, సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కుర్రాళ్ళు ఆటపట్టిస్తున్నారు.

"ఆ సంచి కాస్త జరుపు మలకీ, నీ పడవలు రెండూ దారికడ్డం."

మలకీవి పదమూడో సైజు పాదాలు. ఆ గదిలో ఇంకెవరి బూట్లలోనూ అతని పాదం సగం కూడా పట్టదు. అతను నవ్వాడే గానీ సంచి జరపలేదు. కహల్ పిలిస్తే దాన్ని భుజాన వేసుకునే బయటికొచ్చాడు.

"ఇదిగో, పద్నాలుగు," అన్నాడు కహల్. "నీదే. కానీ ఒక మాట చెప్పాలి. పేపర్లో వేయించింది ఉత్తుత్తి జట్టు. నీకు చెప్పకుండా నీ పేరు వాడుకున్నాను. తప్పు చేశాన్రా. ఇప్పుడు మాత్రం నిజంగానే నువ్వే ఆడుతున్నావు."

మలకీ జెర్సీని రెండు చేతులా పరిచి పట్టుకుని చూశాడు.

"నాకు ముప్పై ఎనిమిదేళ్ళు," అన్నాడు. "మెట్లెక్కితే ఆయాసం. అలాంటివాణ్ణి ఫైనల్లో దింపుతావంటే నేను నమ్ముతాననుకున్నావా? పేపరు చూడగానే తెలిసింది."

"మరి మీ నాన్న?"

"ఆయన నాకన్నా ముందే కనిపెట్టాడు. నిన్న కారోమీన్ పశువుల సంతకు తీసుకెళ్ళమని ఒకటే గోల. కుర్చీ తోసి తోసి నా చేతులు పడిపోయాయనుకో. కనిపించినవాడికల్లా ఆ ముక్క చూపించి, కళ్ళు తుడుచుకున్నాడు కూడా. వాళ్ళు నమ్మేశారు, ఆ పొడుగువాణ్ణి నా మీదకే పెడుతున్నారట."

కహల్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయినా మొండికేశాడు.

"అవన్నీ నాకు తెలీదు. మేనేజర్‌ని నేను. నువ్వే ఆడాలి."

మలకీ పద్నాలుగు అంకెను బొటనవేలితో ఒక్కసారి నిమిరాడు. తర్వాత జెర్సీని నాలుగు మడతలు పెట్టి కహల్ చేతిలో ఉంచి, సంచి జిప్పు లాగాడు. లోపల టీ ఫ్లాస్కు, తండ్రి మోకాళ్ళ మీద కప్పే ఉన్ని దుప్పటి ఉన్నాయి. అంతే.

"చివరి నిమిషంలో నువ్విలా మెత్తబడతావని తెలుసురా," అన్నాడు. "అందుకే బూట్లు ఇంట్లో వదిలేసి వచ్చాను."