ఎర్రపురుగులు పాతిన మనిషి

పట్టుకుని లాగగానే వేరుశనగ మొక్క వేళ్లు లేకుండా చేతిలోకి వచ్చేసింది.

కోడలు దాన్ని గట్టు మీదికి విసిరేసింది. ఆ పొద్దుటికి అది పదిహేడోది.

"మళ్లీ వేరుపురుగేనా?" గట్టు మీంచి అత్త అడిగింది.

"ఇంకేముంటుంది అత్తయ్యా."

అత్త నడుం మీద చెయ్యి వేసుకుని, రోజూ చదివే దండకం అందుకుంది. "పచ్చి పెంట తోలి మా చేన్లో పురుగు పోసి పోయాడే, ఆ పెంటవాడి రెండు చేతులూ పడిపోను."

రెండేళ్ల కిందట మామగారు ఎవరిచేతో తోలించిన పశువుల పెంటలోనే ఆ పురుగు వచ్చింది. ఆ దిగులుతోనే ఆయన పోయాడు. మందు కొట్టారు, లోతుగా దున్నారు, చేత్తో ఏరారు. భూమి లోపల దాక్కున్నదాన్ని ఎవరేం చెయ్యగలరు? అసలే మగదిక్కు లేని ఇల్లు. ఈ మూడో పంట కూడా పోతే చేను అమ్ముకుని, అత్తాకోడళ్లిద్దరూ ఎవరింట్లోనో అంట్లు తోముకోవాల్సిందే.

ఆ సాయంత్రం మరిచిపోయిన కొడవలి కోసం వెనక్కి వచ్చిన కోడలికి, చేని మధ్యలో ఒక ముసలాయన కనిపించాడు.

మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఖాళీ సంచీలా వేలాడుతోంది. కుడిచేత్తో చిన్న గుంట తీశాడు. రేకుడబ్బాలోంచి ఏదో తీసి అందులో పెట్టి, మట్టి కప్పి, చెంబుతో నీళ్లు పోశాడు. కాస్త ముందుకు జరిగి, మళ్లీ గుంట తీశాడు.

పెదవులు కదులుతున్నాయి. మాట బయటికి రావడం లేదు.

కోడలు గట్టు దిగి కేక వేసింది.

"ఎవరు నువ్వు? మా చేన్లో ఏం పాతుతున్నావు?"

ముసలాయన తలెత్తలేదు. "చెబితే రానివ్వరమ్మా."

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. ఓ నెల ఓపిక పట్టు తల్లీ. వీటికి ఎండ మాత్రం తగలనివ్వకు."

ఆ మాటతో ఆమెకున్న కాస్త ధైర్యమూ జారిపోయింది. ఎండ తగలకూడనిది మంచిదెలా అవుతుంది?

"లేచి పో. మళ్లీ ఈ గట్టు తొక్కావంటే నలుగుర్నీ పిలుస్తాను."

ఆయన మోకాలి మీద చెయ్యి ఆన్చి కష్టంగా లేచాడు. మిగిలిన చేనికేసి చూశాడు. "ఇంకా సగం ఉంది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ కంగారులో డబ్బా అక్కడే వదిలేశాడు. దాని మూత మీద ఏదో వీధి పేరు, ఇంటి నంబరు రాసి ఉన్నాయి.

కోడలు ఒక గుంట తవ్వి చూసింది. చచ్చిన వేరుపురుగు.

పురుగు చస్తే నల్లబడి కుళ్లాలి, కంపు కొట్టాలి. ఇది ఇటుకరంగులో నిగనిగలాడుతోంది. వాసనే లేదు.

కోడలు ఆ పురుగునీ డబ్బానీ ఇంటికి తెచ్చి సామాన్ల గదిలో పెట్టింది. అత్త తలుపు మూసింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఆ చచ్చిన పురుగు ఒంట్లోంచి సన్నగా, నీలంగా వెలుగు.

అత్త రెండడుగులు వెనక్కి వేసింది.

"చేతబడే. సందేహం లేదు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇద్దరూ పారలు పట్టుకుని దిగారు. తడి కనిపించిన ప్రతి గుంటా తవ్వి, ఎర్రపురుగుల్ని ఏరి, బండ మీద ఎండలో మాడ్చారు. అంతకుముందు పాతినవి ఎక్కడున్నాయో తెలియలేదు, మట్టి ఆరిపోయింది. అయినా కోడలికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

నెల తిరిగింది.

తవ్విన వైపు చేను నిలువునా ఎండిపోయింది. తూర్పు వైపు ఏడు సాళ్లు మాత్రం పచ్చగా నిలబడ్డాయి. కోడలు ఒక మొక్కను లాగింది. రాలేదు. చుట్టూ తవ్వితే వేళ్ల మధ్య పురుగులన్నీ ఎర్రగా చచ్చి పడి ఉన్నాయి. అవి ఎవరూ పాతినవి కావు.

ఒకదాన్ని ఆకులో చుట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పరిగెత్తింది.

ఆయన భూతద్దంలో చూసి, "దీని నిండా కంటికి ఆనని సన్నటి నులిపురుగులున్నాయమ్మా," అన్నాడు. "మేలు చేసే రకం. మొక్కను ముట్టవు. వేరుపురుగు లోపలికి దూరి చంపి, దాని ఒంట్లోనే లక్షలుగా పెరిగి, ఇంకో పురుగును వెతుక్కుంటూ పోతాయి. ఇలా చచ్చినదాన్ని పాతితే చాలు, చేనంతా పాకుతాయి."

"మరి చీకట్లో వెలుగుతున్నాయే?"

"ఆ వెలుగు నులిపురుగుల కడుపులో ఉండే సూక్ష్మజీవిది. ఎండ తగిలితే మాత్రం అన్నీ చస్తాయి. ఎవరు వేశారో గానీ, మీ మంచి కోరినవాడే."

ఎంత పని చేశాం అనుకుంటూ కోడలు ఇంటికెళ్లి డబ్బా తీసుకుని, మూత మీది చిరునామాకి వెళ్లింది.

తలుపు తీసింది ఆయన కూతురు. డబ్బా చూడగానే గుర్తుపట్టింది.

"నాన్న పోయి నాలుగు రోజులైందండీ."

వెనక గదికి తీసుకెళ్లింది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. అరల నిండా ఎర్రపురుగుల పళ్లేలు. మనిషి పోయినా, ఆ చీకట్లో పళ్లేలన్నీ నీలంగా వెలుగుతూనే ఉన్నాయి.

"ఎవరెవర్నో అడిగి నేర్చుకుని, ఇక్కడే పెంచేవాడు," అంది కూతురు.

"ఆయన చెయ్యి..."

"రెండేళ్లయింది. ఒకరోజు తెల్లారి లేచేసరికి పడిపోయింది."

"ఇంతమంది చేలుండగా మా చేనుకే ఎందుకమ్మా వచ్చారు?"

కూతురు తల దించుకుంది.

"తప్పు ఒప్పుకుందామని మీ గట్టు దాకా వచ్చాడండీ. మీ అత్తగారి తిట్టు విని, చెప్పలేక తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ ఒకటే మాట, 'నేను తోలిన పెంటకి వాళ్ల తిట్టు సగమే తగిలిందమ్మా, రెండో చెయ్యి కూడా పడిపోయేలోగా వాళ్ల చేను పూర్తి చెయ్యాలి' అని."