గులాబీ పళ్ళపొడి

“ఛీ! ఇదీ ఒక పళ్ళపొడేనా?”

నాలుక మీద వేసుకున్న చిటికెడు పొడినీ కూర్మనాథం కాలవలోకి ఉమ్మేశాడు. ఉమ్మి కూడా గులాబీ రంగులోనే పడింది. అది చూసి కండువా అంచుతో నాలుకని రెండుసార్లు తుడుచుకున్నాడు.

చీపురుపల్లి స్టేషను రోడ్డులో పోతురాజు కిరాణా కొట్టు అది. కూర్మనాథం రాసిన ఫిర్యాదు పట్టుకుని వచ్చిన హెల్తు ఇనస్పెక్టరు నరసింగరావు, లోపల ముక్కాలిపీట మీద కూర్చుని విసురుకుంటున్నాడు.

“రాసుకోండి ఇనస్పెక్టరుగారూ. ఇటికపొడి, సుద్దముక్క, మిఠాయికొట్టు రంగు. ఇంతే ఇందులో సరుకు. లవంగం లేదు, కరక్కాయ లేదు, కర్పూరం వాసనైనా లేదు!”

“నాకు లవంగం తగుల్తన్నాది బాబూ,” అంది గులాబీ పొట్లాలు రెండు కొని కొంగున ముడేసుకుంటున్న గున్నమ్మ. వారానికోసారి చేపల గంపతో వచ్చే మనిషి ఆవిడ.

“అది నీ కంటికి తగిలిన లవంగం. నాలిక్కి కాదు.”

“ఏటో బాబూ. మీ పొడి పేడరంగు. పొద్దున్నే లేచి దాని మొకం ఎవులు సూస్తారు? ఇది సూడండి, పువ్వునాగున్నాది.”

పేడరంగుట! కూర్మనాథానికి ఒళ్ళు మండిపోయింది. తాత చెప్పిన పాళ్ళు, తండ్రి నూరిన రోలు, ఇరవై ఏళ్ళుగా తన చేతుల కాయలు. విజయనగరం నుంచి సంగీతం పంతుళ్ళు మనిషిని పంపించి మరీ తెప్పించుకున్న పొడి అది. ఈ గులాబీ దరిద్రం బజార్లోకి వచ్చిన ఎనిమిది నెలల్లో దాన్ని అడిగే నాథుడు లేకుండా పోయాడు. ఈ నెలలో దీన్ని ఆపించలేకపోతే రోలు బోర్లించేయడమే. అందుకే ఫిర్యాదు రాశాడు.

నెల దాటిన పొడి కొట్లో ఉండకూడదని తాత పెట్టిన నియమం. ప్రతి లక్ష్మివారం గరివిడి దాకా కొట్లన్నీ తిరిగి, అమ్ముడుపోని పొట్లాలు సంచీలో మోసుకొచ్చి భార్య ప్రసూనాంబ ముందు పడేస్తాడు. “పెంటలో పొయ్యి,” అంటాడు. ఆవిడ చేటలోకి ఎత్తుకుంటుంది. పాపం, ఆవిడ పుట్టింటివాళ్ళు సాయం చెయ్యబట్టి గాని, లేకపోతే ఈపాటికి పొయ్యిలో పిల్లి లేచేది కాదు.

“నేను మొదట్నే సెప్పినాను పంతులుగారూ,” అన్నాడు పోతురాజు తల గోక్కుంటూ. “మనిసి ముందు కంటితోనే తోముకుంటాడు, ఆ తరవాతే ఏలితోన. మీరూ కూసింత రంగెయ్యండీ అన్నాను.”

“నేనేమన్నాను?”

“రంగు పులిమిన రోజున రోలు నూతిలో పడేస్తానన్నారు.”

“ఇప్పుడూ అదే అంటాను! పళ్ళపొడికి ముస్తాబేమిటయ్యా, అసహ్యంగా! లోపల ఏముందో చూడరు, పైన ఏం పూశారో చూస్తారు. గొర్రెల మంద!” అని పొట్లం ఇనస్పెక్టరు ముక్కు దగ్గరకి తోశాడు. “ఈ మడత చూశారా? మూడు మూలలూ లోపలికి, నాలుగోది పైకి. మా ఇంటి మడత! వెధవ అదీ దొంగిలించాడు.”

నరసింగరావు పోతురాజు వైపు తిరిగాడు. “ఎవరయ్యా ఇది చేసేది?”

“ఆరి పేరు సెప్పనని ఒట్టేసినాను బాబూ.”

“పోనీ సరుకెప్పుడు తెస్తారు?”

పోతురాజు కూర్మనాథం వైపు ఓరగా చూశాడు. “లచ్చివారం లచ్చివారం, మిట్టమజ్జేనం. పెరటి గుమ్మం కాడికి.”

“ఇవాళ లక్ష్మివారమేగా!” కూర్మనాథం గెంతినంత పని చేశాడు. ఇనస్పెక్టరు వస్తాడని తెలిసి, ఇంట్లో చెప్పకుండానే ఈ వారం గరివిడి ప్రయాణం మానుకోవడం ఎంత మంచిదైందో అనుకున్నాడు.

“పంతులుగారూ, మీ కాల్లట్టుకుంతాను. మీరింటికెల్పోండి. ఇనస్పెక్టరుబాబు సూసుకుంతారు.”

“వాడికి నువ్వు వత్తాసా? ఇక్కణ్ణుంచి కదలను.”

చెప్పినంతసేపు పట్టలేదు. పెరటి తలుపు గొలుసు చప్పుడైంది. గడప మీదుగా గుడ్డ కప్పిన బుట్ట ఒకటి లోపలికి జరిగింది.

“శాంపిలుకి రెండు పొట్లాలు చాలు,” అంటూ నరసింగరావు లేచేలోపలే కూర్మనాథం ఒక్క అంగలో వెళ్ళి బుట్ట లాక్కున్నాడు. తెచ్చిన మనిషి వైపు తలైనా ఎత్తలేదు. అలాంటి మొహం చూడాలన్నా రోత పుట్టింది అతనికి.

“ఆగండాగండి!” అని ఇనస్పెక్టరు అరుస్తూనే ఉన్నాడు. కూర్మనాథం ఒక్కొక్క పొట్లమే చింపి పెరటి కాలవలోకి దులిపాడు. మురుగునీళ్ళు గులాబీ రంగు తిరిగాయి. ఆఖరి పొట్లం కూడా అయ్యాక బుట్ట బోర్లించి, అడుగున తట్టి మరీ దులిపాడు. అతనికి తాత రుణం తీరినట్టయింది. ఎనిమిది నెలల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

అప్పుడు తలెత్తాడు.

గుమ్మంలో ప్రసూనాంబ నిలబడి ఉంది. మణికట్ల దాకా చేతులు గులాబీ రంగు. ఆవిడ ఇనస్పెక్టరునీ చూడలేదు, పోతురాజునీ చూడలేదు. కాలవలో కొట్టుకుపోతున్న పొడిని చూస్తూ మెల్లగా అంది.

“రంగొక్కటే నాదండీ, పొడి మీదే.”