ఎవరి ఎడమ?

"దొరికింది పెద్ద బగ్!" అంది ప్రియాంక.

హైటెక్ సిటీలోని ఆ కంపెనీ నర్సింగ్ విద్యార్థుల కోసం తెలుగులో ఒక యాప్ తయారు చేస్తోంది. తెర మీద గుండె కొట్టుకుంటోంది. నీలం రక్తం, ఎర్ర రక్తం గదులు మారుతున్నాయి.

"చూడు సురేంద్రా, ఎడమ పక్కన కుడి అని, కుడి పక్కన ఎడమ అని రాశారు."

టీమ్ లీడ్ సురేంద్ర నవ్వాడు. రెండు నిమిషాల్లో పేర్లు తారుమారు చేసేశాడు. కళ్లెదుట కనిపిస్తుంటే యాప్‌ను సరిచూసే డాక్టర్ని అడగడమెందుకు!

టీ కప్పులు తీయడానికి వచ్చిన బాలనర్సయ్య తెర ముందు ఆగిపోయాడు. అరవై దాటినా అక్కడ అతని ఉద్యోగం పేరు ఆఫీస్ బాయ్. చేరి వారమే అయింది.

"ఉల్టా రాసిన్రు సార్. ఎడమ అంటే మనది కాదు, గుండె ఉన్న మనిషిది."

వాళ్లకు ఎదురుగా నిలబడి తన ఛాతీ మీద వేలు పెట్టాడు.

"ఒళ్లంత తిరిగొచ్చిన రక్తం గీ కుడి పై గదిలకొస్తది. కింది గదిలకు దిగి ఊపిరితిత్తులకు పోతది. ఆడ సాఫై ఎడమ పై గదికొస్తది. ఎడమ కింది గదికెల్లి మళ్ల ఒళ్లంత పోతది."

టీమంతా నవ్వారు. టీ ఇచ్చే మనిషి తప్పు పట్టడం సురేంద్రకు మాత్రం నామోషీ అనిపించింది.

"నీ పని నువ్వు చూసుకో పెద్దాయనా!"

"నా ఫికర్ కాదు సార్, చదువుకునే పిల్లల ఫికర్."

సాయంత్రం ఆఫీస్ బాయ్‌లను పంపే కాంట్రాక్టర్‌కు ఫోన్ వెళ్లింది. మర్నాడు టీ వేరే ఎవరో తెచ్చారు.

మూడో రోజు యాప్‌ను ఓకే చేయడానికి డాక్టర్ రాజరాజేశ్వరి వచ్చింది. సురేంద్ర ధీమాగా గుండె బొమ్మ తెరిచాడు.

"కుడి ఎడమలు మార్చిందెవరు?" అందామె వెంటనే. "ఈ గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. ఇది చదివిన పిల్లలు రేపు వార్డులో ఏం చేస్తారు?"

సురేంద్ర బొమ్మ మూసేయబోయాడు. ప్రియాంకే చెప్పింది.

"టీ ఇచ్చే బాలనర్సయ్య తాత ఇదే చెప్పాడు మేడమ్. తన ఛాతీ మీదే నాలుగు గదులూ చూపించాడు. మేమే వినలేదు."

డాక్టర్ కుర్చీలోంచి లేచింది.

"బాలనర్సయ్యా? ఎక్కడున్నాడు?"

"తీసేయించాను మేడమ్. ఎక్కడికెళ్లాడో తెలీదు" అన్నాడు సురేంద్ర తలదించుకుని.

"ముప్పై ఏళ్ల కిందట శవాన్ని చూసి భయపడి చదువు మానేస్తానని ఏడ్చిన నన్ను లోపలికి పిలిచి, నా చేతిలో గుండె పెట్టి, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో మొదటిసారి నేర్పింది మా డిసెక్షన్ హాల్ అటెండర్ బాలనర్సయ్యే" అంది డాక్టర్ రాజరాజేశ్వరి.