గట్టి మనిషి

“బండి పడింది మీ మీద. వెన్నెముక విరిగింది ఆమెకా?”

మదనపల్లె ఆస్పత్రిలో డాక్టర్ షైలజ నమ్మలేనట్టు అడిగింది.

శాలేము రాజు తల గీరుకున్నాడు. “పుంగనూరు నుంచి వస్తాంటే కుక్క అడ్డమొచ్చింది మేడం. నేను తలకిందులుగా పడితి. నా పెండ్లాం ఊరికే కూలబడింది, అంతే.”

మంచం మీద విమలమ్మ మూలిగింది. “ఈయప్పకి గీత కూడా పడలా. నా నడుమే పోయింది.”

“మీ ఎముకలు గుల్లబారాయమ్మా. నెలకొకసారి, ఏడాది పాటు సూది వేయాలి. ఎముకను ఎక్కువ పెరగనీకుండా ఆపే ప్రొటీన్ ఒకటి మన ఒంట్లో ఉంటుంది. ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు కొత్త ఎముక వస్తుంది.”

“ఇట్లాంటి మందు ఎట్లా కనిపెట్టినారు మేడం?” రాజు అడిగాడు.

“కొందరికి పుట్టుకతోనే ఆ ప్రొటీన్ ఉండదు. దాన్ని తయారుచేసే జీన్ వాళ్లలో పనిచేయదు. వాళ్ల ఎముకలు విరగడం చాలా అరుదు. వాళ్లను చూసే...”

మాట్లాడుతూనే ఆమె రాజు తల ఎక్స్‌రేను వెలుతురుకు పట్టింది. మాట ఆగిపోయింది. పుర్రె మొత్తం సున్నపు ముద్దలా తెల్లగా, మందంగా ఉంది.

“మీకెప్పుడైనా ఎముక విరిగిందా?”

“మిద్దె మీంచి పడినా విరగలా!”

“మీరూ అలాంటి మనిషే అనుకుంటా. జీన్ పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది.”

రాజు ముఖం వెలిగిపోయింది. “సూస్తివా విమలా! ఇంక నీకు సూది ఎందుకు? నా రక్తం తీసి ఈమెకి ఎక్కించండి మేడం. ఎంత కావాలంటే అంత తీసుకోండి.”

విమలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఎక్కించడానికి మీలో ఏమీ లేదు రాజుగారూ. ఒకటి లేకపోవడమే మీ ఎముకల బలం.” డాక్టర్ అతని కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. “తలనొప్పి వస్తుందా?”

“పొద్దున లేస్తానే ఉంటాది. వాంతి అయితే తగ్గుతాది.”

డాక్టర్ తలుపు వైపు తిరిగి కేకేసింది. “సిస్టర్, స్ట్రెచర్! వేలూరుకు అంబులెన్స్ చెప్పండి, ఇప్పుడే!”

విమలమ్మ బెదిరిపోయింది. “అంత దూరం నేను రాలేను మేడం. కదిలితే ప్రాణం పోతాంది.”

“మీకు కాదమ్మా.” డాక్టర్ రాజు భుజం పట్టి మెల్లగా కూర్చోబెట్టింది. “ఈయన ఎముక పెరగడం ఆగనే లేదు. పుర్రె లోపలికీ పెరిగింది. మెదడుకు ఇక చోటు లేదు.”